తెల్లచొక్కా మీద నల్లదారాలు

అమ్మాయ్, పక్కింటి డ్రైవరుగారి బండిలో కంటి ఆసుపత్రికి వెళ్తున్నాను. ఇస్త్రీపెట్టె ఆపాననే అనుకుంటున్నాను, ఎందుకైనా మంచిది, రాగానే చూడు. బల్ల మీదున్న తెల్లచొక్కాకి గుండీలు నువ్వే కుట్టెయ్.

పొద్దున్నుంచి కుడికంట్లో మెరుపులు మెరుస్తున్నాయి. ఇప్పుడు పక్కనుంచి నల్లటి తెర కూడా దిగుతోంది. నొప్పి లేదు, కన్ను ఎర్రబడలేదు. నొప్పే లేనిదానికి ఇంత హడావిడి ఎందుకో నాకైతే అర్థం కావట్లేదు. మీ మామయ్యేమో కాసేపు పడుకుంటే అదే పోతుందన్నారు. ఫోన్లో నర్సమ్మేమో, "కంటి లోపలి పొర ఊడుతోందేమోనమ్మా, సాయంత్రం దాకా ఆగితే చూపు పోవచ్చు, ఇప్పుడే రండి" అంది. ఇద్దరిలో ఎవరిది నిజమో తెలియదు కానీ, తెర మాత్రం ఇంకాస్త కిందికి దిగింది. అందుకే బయల్దేరాను.

నీ అన్నం మూతపెట్టి ఉంచాను. ఫోన్ మోగితే వెంటనే ఎత్తు, ఎప్పట్లా దిండు కింద పెట్టకు.

ఇంకో మాట. ఆ చొక్కా మీద నల్లదారాలు రాలుస్తున్నావని మూడురోజులుగా నిన్ను తిట్టిపోస్తున్నాను కదా. ఎంత దులిపినా పోలేదు. ఇందాక తలెత్తితే గోడ మీదా అవే తేలుతున్నాయి. అవి నువ్వు రాల్చినవి కావమ్మా.