రంగేసిన తుప్పు

నోర్‌బీన్, మార్చి 4, 1996

తుప్పు వదిలించే ఇర్మెలిన్ నోర్‌గ్రెన్ గారికి,

కొండకి ఇవతలి ఊరి నుంచి హెల్మెర్ ఓస్ట్‌లుండ్ నమస్కారాలు.

నన్ను మీరెరగరు. ముప్పై ఏళ్లు రంపపు మిల్లులో పనిచేసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నవాణ్ణి. మా కొట్టంలో ఓ పాత నల్ల కారుంది. పెళ్లయ్యాక చర్చి నుంచి ఇంటికొచ్చింది అందులోనే. పద్దెనిమిదేళ్లుగా గడ్డి కింద పడి ఉంది. ఈ జూన్‌లో వచ్చే మిడ్‌సమ్మర్ పండక్కి మా పెళ్లికి నలభై ఏళ్లు నిండుతాయి. ఆ రోజు మా ఆవిడ డాగ్నిని అదే కారులో అదే చర్చికి తీసుకెళ్లాలని నా కోరిక. ఈ సంగతి ఆవిడకి తెలియదు, తెలియకూడదు.

రేపటి బస్సులో ఓ పెట్టె పంపుతున్నాను. అందులో ముందు మడ్‌గార్డులు రెండూ ఉన్నాయి. తుప్పు వదిలించి పంపండి. బిగించడానికి మిల్లు వాళ్లున్నారు.

ఇట్లు,
హెల్మెర్

తా.క. జవాబు కవరు మీద ‘తేనెటీగల సంఘం’ అని రాయండి. మా ఆవిడకి తేనెటీగలంటే పడదు, ముట్టుకోదు. అక్షరాలు కాస్త పెద్దవిగా రాయండి.


మార్చి 18

హెల్మెర్ ఓస్ట్‌లుండ్ గారికి, నమస్కారం.

మడ్‌గార్డులు తిప్పి పంపుతున్నాను. గాలి ఒత్తిడితో గాజు రవ్వ చిమ్మి తుప్పు రాల్చడం నా పని. రేకు పలచన కాబట్టి వంకర పోకుండా దూరం నుంచి, నిదానంగా కొట్టాను.

ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. నా దగ్గరికి సామాన్లు బురదతో వస్తాయి, గ్రీజుతో వస్తాయి, ఒకసారి పిట్టగూడుతో కూడా వచ్చాయి. కడిగి, ఆరబెట్టి, బ్రష్షుతో నీలం రంగు రెండు పూతలు వేసి పంపింది ఇరవై రెండేళ్లలో మీరొక్కరే. ఆ రంగు వదిలించడానికే ఓ పూట పట్టింది. రంగు కింద తుప్పు, తుప్పు కింద చిల్లులు. రేకు అతికించకపోతే కారు తనిఖీలో నెగ్గదు. ఈసారి దయచేసి రంగు వేయకండి. వీలైతే మీరే కారేసుకుని రండి, మాట్లాడుకుందాం.

ఉంటాను,
ఇర్మెలిన్

తా.క. యాలకుల బన్నులు బాగున్నాయి. రంగు వాసన పట్టాయి, ఈసారి వేరే సంచిలో పెట్టండి.


మార్చి 25

ఇర్మెలిన్ గారికి,

ఏ బన్నులండీ? నాకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. ఏ రంగు? నేను బ్రష్షు పట్టి పదేళ్లయింది.

మడ్‌గార్డులు పంపితే జల్లెడలు వచ్చాయి. వేళ్లతో తడిమి చూశాను, పదిహేడు చిల్లులు. నావి పంపేటప్పుడు కూడా తడిమే పంపాను, గరుకుగా ఉన్నా నిండుగా ఉన్నాయి. మీ దగ్గర సామాన్లు తారుమారయ్యాయి. నావి ఆ నీలం రంగు మహానుభావుడి ఇంట్లో ఉండుంటాయి. కనుక్కోండి.

ఈ చుట్టుపక్కల మీరు తప్ప దిక్కు లేదు కాబట్టి ముందు చక్రాల స్ప్రింగులూ, ఓ తలుపూ పంపుతున్నాను. పండక్కి మూడు నెలలు కూడా లేదు.

ఇట్లు,
హెల్మెర్

తా.క. కారేసుకుని రమ్మన్నారు. నాకు బస్సంటే ఇష్టం. ఇంక అడక్కండి.


ఏప్రిల్ 12

హెల్మెర్ గారికి,

నా దుకాణంలో ప్రతి సామానుకీ నంబరు బిళ్ల కడతాను. ఇంతవరకు ఒక్క మరమేకు కూడా మారలేదు. చిల్లులు నేను చేసినవి కావు. ఇన్నాళ్లూ రేకు స్థానంలో తుప్పే ఉంది, దాన్ని తీశాను కాబట్టి బయటపడ్డాయి.

స్ప్రింగులు పంపుతున్నాను. అవి కూడా నీలంగానే వచ్చాయి. తుప్పు వదిలాక వాటి మీద సన్నటి ఉక్కు గుండ్లు వానలా కురిపించాను. తడిమితే ఒళ్లంతా చిన్న చిన్న గుంటలు తగులుతాయి. కంగారుపడి నాకు రాయకండి, అవి కావాలని పెట్టినవే. అలా సమంగా దెబ్బలు తిన్న ఉక్కు పైపొర బిగుసుకుంటుంది. ఇక మీద ఎంత బరువు మోసినా తొందరగా పగులు పుట్టదు. తలుపు ఇంకా నా దగ్గరే ఉంది.

ఉంటాను,
ఇర్మెలిన్

తా.క. ఈసారి బన్నులతో పాటు ఉన్ని చేతితొడుగులు కూడా వచ్చాయి. నా చేతికి సరిగ్గా సరిపోయాయి. హెల్మెర్ గారూ, నేను భర్త పోయినదాన్ని, మీరు పెళ్లయినవారు. ఇలాంటివి వద్దు.


ఏప్రిల్ 19

నోర్‌గ్రెన్ గారికి,

ఈ వయసులో నాకు ఈ నింద ఒక్కటే తక్కువైంది. నేను తొడుగులు అల్లలేదు, కొనలేదు, పంపలేదు. అల్లడం వచ్చుంటే మా ఆవిడ నన్ను ఎప్పుడో మెచ్చుకునేది.

మీకో దండం. నా తలుపు ఎలా ఉంటే అలా బస్సెక్కించండి. కారూ వద్దు, చర్చీ వద్దు. పండగనాడు ఇంట్లోనే కూర్చుని ఉప్పుచేప తింటాం.

ఇట్లు,
హెల్మెర్ ఓస్ట్‌లుండ్

తా.క. ఆ తొడుగుల మాట డాగ్ని చెవిన పడిందంటే నలభై ఏళ్ల కాపురం నలభై నిమిషాల్లో పోతుంది.


ఏప్రిల్ 23

ఇర్మెలిన్‌కి,

డాగ్ని ఓస్ట్‌లుండ్ రాస్తున్నాను. తలుపు పంపకమ్మా.

రంగు వేసింది నేను. ఆయన పెట్టె సర్దేసి మధ్యాహ్నం కునుకు తీసేవాడు, అప్పుడు వేశాను. అంత తుప్పు సామాను పరాయి మనిషి ముందు పెడితే మన ఇంటి గురించి ఏమనుకుంటారు? ఇల్లు తుడవడానికి మనిషి వస్తుందంటే ముందురోజే తుడిచిపెట్టుకునే వంశం మాది. కిటికీలకి వేయగా మిగిలిన నీలం ఉంది, అదే వేశాను. రవ్వతో పనిచేసే చేతులు పగిలి ఉంటాయని తొడుగులు పెట్టాను, బన్నులూ నావే. నీకు పని పెంచాను, ఏమీ అనుకోకు.

వచ్చేవీ పోయేవీ ఉత్తరాలన్నీ కాఫీ కెటిల్ ఆవిరి మీద విప్పి చదివి మళ్లీ అంటించాను. మా తేనెటీగలు చచ్చి ఆరేళ్లయింది. చచ్చిన తేనెటీగలకి నెలనెలా ఉత్తరం వస్తుంటే ఏ ఇల్లాలైనా ఊరుకుంటుందా?

నువ్వు సామాన్లు మార్చలేదు. ఆయన అబద్ధమూ ఆడలేదు. ఆయనకి చూపు ఆనడం లేదు. నీ ఉత్తరాలు భూతద్దం పెట్టి చదువుతాడు. చలికాలంలోనే కంటి డాక్టరు చెప్పి లైసెన్సు తీయించేశాడు. ఆ మాట నాకు చెప్పకుండా బస్సంటే ఇష్టమంటున్నాడు. లైసెన్సు రద్దయిన కాగితం మాత్రం బైబిల్లో దాచాడు, నేను రోజూ తెరిచే పుస్తకంలో. చదివిన రోజు బాగా ఏడ్చాను.

మర్నాడు డ్రైవింగ్ స్కూల్లో చేరాను. అరవై మూడేళ్లు నాకు. సోమవారాలు కుట్టు సంఘానికి వెళ్తున్నాననే ఆయన అనుకుంటున్నాడు. మొన్న గురువారం లైసెన్సు చేతికొచ్చింది.

అందుకని తలుపు పని కానివ్వు. మడ్‌గార్డులు మళ్లీ పంపుతాను, చిల్లులకి రేకు అతికించు. వాటికి రంగు వేయను, ఒట్టు. పండగనాడు ఆయన తాళం పట్టుకుని కారు దగ్గర నిలబడతాడు. ఆ తర్వాత ఏం చేయాలో ఆయన ఇంకా ఆలోచించుకోలేదు, ఆ మనిషి సంగతి నాకు తెలుసు. అప్పుడు నేను తాళం అందుకుని, ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెడతాను.

ప్రేమతో,
డాగ్ని

తా.క. స్ప్రింగుల గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నలభై ఏళ్లుగా ఆయనకి నేను చేస్తున్నదీ అదే. ఇంతవరకు ఎక్కడా పగల్లేదు.

ఇంకో తా.క. జవాబు కవరు మీద ‘కుట్టు సంఘం’ అని రాయి. ఆయన ముట్టుకోడు.