పచ్చి గింజలు

ప్రియమైన అక్కకి,

ఫోన్లో అయితే రెండో మాటకే తిట్లు మొదలుపెడతావని ఉత్తరం రాస్తున్నాను. నేను వండినది తినడం మానేసి నాలుగు నెలలైంది. పళ్లు, క్యారెట్, కీర, ఆకులు, అంతే. ఒళ్లు దూదిపింజలా తేలిగ్గా ఉంది. రేవులో క్రేన్ నడపడానికి పైకెక్కి అద్దాల గదిలో కూర్చుంటే నేనూ గాల్లో ఎగిరేదాన్నే అనిపిస్తుంది.

"ఇలా అయితే నీకు ప్రొటీన్ ఎక్కడినుంచి వస్తుందమ్మా?" అన్నాడు మా మేస్త్రీ.

"ఏనుక్కి ఎక్కడినుంచి వస్తుంది?" అన్నాను.

జుట్టు కాస్త రాలుతోంది. సాయంత్రానికి బూట్లు బిగుసుకుంటున్నాయి. ఎండలకేమో. నువ్వు కంగారుపడకు. అమ్మ పోయి ఏడాదిన్నర. నేను మాత్రం అమ్మలా పోనులే.

నీ పిచ్చుక

ప్రియమైన పిచ్చుకా,

నీ ఉత్తరం చదివాక ల్యాబులో నాకు పని సాగలేదు. పదకొండేళ్లుగా ఊళ్లోవాళ్లందరి రక్తం పరీక్ష చేస్తున్నాను, సొంత చెల్లెలి ఒంట్లో ఏముందో తెలియదు.

బూట్లు బిగుసుకోవడం ఎండకు కాదే పిచ్చిదానా, కాళ్లకు నీరు పడుతోంది. బొటనవేలితో నొక్కి చూడు. గుంట పడి అలాగే ఉండిపోతే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు. ఏనుగు రోజంతా మేస్తూనే ఉంటుంది. డ్యూటీలో నీకంత తీరికుందా? నీ బరువుకి రోజుకు యాభై గ్రాముల ప్రొటీన్ కావాలి. నువ్వు తినేదంతా కలిపినా పది, పదిహేను దాటదు. పిడికెడు మొలకలు తిన్నా చాలదు, వాటిలో నీరే ఎక్కువ. వండినది ముట్టనంటే పోనీ, వేరుశనగలు, బాదం, గుమ్మడి గింజలు తిను. ఏవి దొరికితే అవి నానబెట్టుకుని తిను.

"అమ్మలా పోను" అన్న ముక్కను మళ్లీ మళ్లీ చదివాను. కడుపులో నొప్పేమైనా ఉందా? నా దగ్గర దాచకు.

నీ అక్క

పిచ్చుకా,

ఉత్తరం రాసి పన్నెండు రోజులైంది, జవాబు రాలేదు. ఫోన్ ఎత్తవు. రేవు ఆఫీసుకు చేస్తే సెలవులో ఉందన్నారు. జ్వరమొచ్చినా సెలవు పెట్టనిదానివి.

నీకు రాసిన ఉత్తరమే పదే పదే గుర్తొస్తోంది. ఏవి దొరికితే అవి అని రాశాను. రాజ్మా మాత్రం పచ్చిగా తినకూడదని రాయలేదు. నానబెట్టినా అందులో విషం పోదు, బాగా మరిగే నీళ్లలో ఉడికితేనే పోతుంది. ఈ ముక్క తెలిసి కూడా తొందరలో మరిచాను. నువ్వు తిని ఉండవు కదూ? అసలే బలం లేని ఒళ్లు. పైగా అంత ఎత్తు మీద.

ఒక్క ముక్క రాయి. "ఉన్నాను" అని రాసినా చాలు. ఏమైనా సరే, ఆదివారం బయల్దేరి వస్తున్నాను.

అక్క

ప్రియమైన అక్కా,

ఉన్నాను. నీ గొంతు వింటే ఏడుపు ఆగదని ఫోన్ ఎత్తలేదు. క్షమించు.

రాజ్మా తిన్నాను, గిన్నెడు. రెండు గంటల తర్వాత కంటైనర్ గాల్లో ఉండగా కడుపు మెలిపెట్టేసింది. ఒకటే వాంతులు. కళ్లకు చీకట్లు కమ్మాయి. కింద లారీ డ్రైవరు తలెత్తి చూస్తున్నాడు.

"ఏమైంది? మాట్లాడమ్మా!" వైర్‌లెస్‌లో మేస్త్రీ అరుస్తున్నాడు.

"అందర్నీ పక్కకి జరపండి" అన్నాను. కంటైనర్ నేలను తాకిన చప్పుడు విన్నాకే లివరు మీంచి చెయ్యి తీశాను. తర్వాత నన్ను తాళ్లు కట్టి దించారట.

ఆసుపత్రిలో కళ్లు తెరవగానే, అమ్మకొచ్చిన కడుపు క్యాన్సరే నాకూ వచ్చిందనుకున్నాను. నొప్పి నాకు ఏడాదిగా ఉందక్కా. దాచాను. నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూశారు. ఏడాదిపాటు నేను భయపడి అడగనిది అరగంటలో తేలిపోయింది. పుండు కూడా లేదు. వాంతులు గింజల వల్ల, కాళ్లవాపు ప్రొటీన్ లేక. నొప్పి మాత్రం బెంగ వల్లేనట.

డాక్టరమ్మ "వండినది ఎందుకు మానేశావు?" అంది. నీకు కూడా చెప్పనిది ఆవిడకు చెప్పాను. అమ్మకి ఆ చివరి ఏడాది వండి పెట్టింది నేనే కదా. మాడినవి, రెండోసారి కాచిన నూనెతో చేసినవి, అన్నీ నా చేత్తోనే. అమ్మ కడుపులో జబ్బు పెట్టింది నేనేనని నమ్మాను. అందుకే మళ్లీ పొయ్యి వెలిగించలేకపోయాను. కొన్నాళ్లు క్యాంటీన్లో తిన్నాను, తర్వాత ఆ వంటన్నా భయమేసి అదీ మానేశాను. ఆరోగ్యం కోసమని అందరికీ అబద్ధం చెప్పాను.

ఆవిడ నా ఫోన్లో ఉన్న అమ్మ పాత రిపోర్టులు చూసి, "నువ్వు గరిట పట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే ఇది మొదలై ఉంటుంది తల్లీ" అంది. అప్పుడు ఏడ్చాను, అమ్మ పోయిన రోజు ఏడవనిదంతా.

నీ తప్పేం లేదు. నువ్వు గింజలు తినమన్నావు, నేను మూర్ఖంగా తిన్నాను.

ఈ ఉదయం పొయ్యి వెలిగించాను. అగ్గిపుల్లలు మూడు ఆరిపోయాయి, నాలుగోదానికి అంటుకుంది. రెండు గుడ్లు ఉడకబెట్టి నిలబడే తిన్నాను. భయం పూర్తిగా పోలేదు.

ఆదివారం నీకు నేనే వండుతాను. బాగోలేకపోతే బాగోలేదనే చెప్పు. నేను బాధపడతానని మాత్రం తినెయ్యకు.

నీ పిచ్చుక