నాయన పెంచిన జుట్టు

తిరుపతి,
గురువారం.

నాయనకు సుజన నమస్కారాలు.

ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ నువ్వు, అమ్మ, తమ్ముడు బాగున్నారని తలుస్తాను. మన బంగారుపాళ్యం కండక్టరు ధనంజయన్న నువ్వు పంపిన సంచి తెచ్చి ఇచ్చాడు. తోతాపురి మామిడికాయలు, నిమ్మకాయ ఊరగాయ, అడుగున నీ ఉత్తరం, అన్నీ చేరాయి. ఉత్తరానికి కొంచెం నూనె అంటింది కానీ చదవడానికి ఇబ్బంది లేదు. ఫోనులో అయితే "తిన్నావా పాపా, ఇదో మీయమ్మకిస్తా" అని తప్ప మాట్లాడవు. కాగితం దొరికితే మాత్రం రెండు వైపులా నింపేస్తావు. అందుకే నేనూ ఫోను పక్కన పెట్టి రాస్తున్నాను. ఇది ఖాళీ సంచిలోనే నీ దగ్గరికి వస్తుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నిద్ర పడుతోంది, కావలసినదానికంటే ఎక్కువే. కళ్లమంటలు తగ్గాయి. హాస్టల్ తిండి బాగుందా అని అడిగావు. దానికి ఇది విను. పోయిన వారం వంటామె సాంబారులో ఉప్పు వేయడం మరిచిపోయింది. పిల్లలంతా గోల చేశారు. నా గదిలో ఉండే కోమలి నా కంచం చూసి, "ఏమే, అంతా తినేసినావే! ఉప్పు లేదని తెలీలేదా?" అంది. నిజంగానే తెలియలేదు నాయనా. ఈ మాట అమ్మకు చెప్పకు, దిష్టి తగిలిందంటుంది.

శ్రీహరికోటలో రాకెట్ వదిలిన సాయంత్రం అందరూ మిద్దె మీదికి పరుగెత్తితే నేనూ పోయాను. చిన్నప్పుడు నీ భుజాలెక్కి చూస్తూ కేకలు పెట్టేదాన్ని. ఈసారి నిప్పు పైకి పోవడం చూసి, కిందికి వచ్చి, ఆడిటింగ్ పుస్తకం ఎక్కడ ఆపానో అక్కడి నుంచి మొదలుపెట్టాను. చదివింది తలకెక్కుతోంది. కానీ తెలిసినందుకు సంతోషం లేదు, తెలియనందుకు భయం లేదు. సి.ఏ. ఫైనల్ రెండుసార్లు తప్పినప్పుడు దిండు తడిసేలా ఏడ్చాను చూడు, ఆ సుజనే నయమనిపిస్తోంది.

"నా జుట్టు సంగతి నీకొద్దు పాపా, నువ్వు సదువుకో" అని రాశావు. ఎలా వద్దంటావు? నేను పాసయ్యేదాకా తల మీద కత్తెర పడనివ్వనని, పాసయ్యాక కొండకు వచ్చి తలనీలాలు ఇస్తానని నువ్వు మొక్కుకున్నప్పుడు అందరం నవ్వాం. ఒక్క విడతలో అయిపోతుందనుకున్నాం. ఇప్పుడది భుజాలు దాటింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అందరూ నిన్ను 'సాధువప్పా' అంటున్నారని సరదాగా రాశావు. అసలు సంగతి మాత్రం మింగేశావు. అది ధనంజయన్న చెప్పాడు.

"మీ నాయన ఇప్పుడు లోపలి పనిలో లేడు పాపా. అంత జుట్టు టోపీలో ఇమడదు, గుజ్జులో ఒక్క ఎంటిక పడినా సరుకంతా ఎనక్కొస్తాదని సూపర్‌వైజరు తీయించుకోమన్నాడంట. మొక్కుండాది, తీయనన్నాడు మీ నాయన. ఇప్పుడు బయట ఎండలో కాయల ట్రేలు మోస్తాండాడు, మోకాలికి గుడ్డ కట్టుకోని."

"అట్లనా అన్నా" అని సంచి తీసుకుని గదికి వచ్చాను. నీ మోకాలు నాకు తెలుసు. మెట్లెక్కేటప్పుడు నువ్వు మూలిగే మూలుగు కూడా తెలుసు. అయినా ఏడుపు రాలేదు. మంచం మీద కూర్చుని దాని కోసం ఎదురుచూశాను. రాలేదు. నాయన తన కోసం ఎండలో బరువులు మోస్తుంటే కంట తడి రాని కూతురు పాసై ఏం చేస్తుంది అనుకున్నాను.

ఇప్పుడు చెప్పేది కూర్చుని చదువు. ఈ విడత పరీక్షకు నేను దరఖాస్తు పెట్టలేదు. మరిచిపోయి కాదు. గడువు దాటిపోతుందని కోమలి చెవిలో పోరుతూనే ఉంది. కావాలనే వదిలేశాను. ఇలాగే పోయి రాస్తే మళ్లీ తప్పుతాను, దానికి కూడా ఏడవను. చదువు మానేశానని అనుకోకు. పుస్తకాలు అట్టపెట్టెలో సర్ది కోమలి మంచం కిందికి తోశాను. మామిడి కాలం అయ్యాక తెరుస్తాను. అందాకా ఇంట్లోనే ఉంటాను, మీకు అడ్డం కాకపోతే.

ఇంకొకటి కూడా ఉంది. మొన్న కొండకు పోయాను. ఆడపిల్లలు ఇచ్చే మూడు కత్తెరల జుట్టు ఇచ్చి వద్దామనే బయలుదేరాను. కళ్యాణకట్టకు నా వయసు పిల్లలు ఎక్కువగా పరీక్షల మొక్కుతోనే వస్తారు కాబోలు, కత్తెర పట్టుకున్న అక్క అడిగింది.

"పరీక్ష పాసైనావా పాపా?"

"లేదక్కా. ఈసారి రాయడమే లేదు."

"మరి దేనికిస్తాండావు?"

"మా నాయన నా కోసం జుట్టు పెంచుకోని ఉండాడు. ఆయన్ను విడిపించాల."

ఆమె నా జడ విప్పింది. "దానికి మూడు కత్తెరలు సాలవు గదా" అంది. నాకూ అదే అనిపించింది. మొత్తం తీసేయమన్నాను.

ఆమె తల తడపడానికి నీళ్లు పోసింది. చల్లగా ఉన్నాయి. చల్లగా ఉన్నాయని నాకు తెలిసింది నాయనా. ఉలిక్కిపడ్డాను కూడా. కదలొద్దని ఆమె కసిరింది.

నీ మొక్కుకు బదులు నా జుట్టు తీసుకోమని స్వామికి చెప్పుకున్నాను. ఆయనకు కుదరకపోతే నాతో చూసుకుంటాడు, నీ జోలికి రాడు. కాబట్టి నువ్వు మంగలి దగ్గరికి పో. సోమవారం నుంచి ఫ్యాక్టరీ లోపల నీడలో పని చేసుకో. నేను ఆదివారం ధనంజయన్న బస్సుకే వస్తున్నాను. నా తల చూసి అమ్మ అరుస్తుంది. అరవనీ. కనీసం నీ తలైనా అప్పటికి మామూలుగా ఉంటే ఆమెను సముదాయించడం సులువవుతుంది.

ఆ రోజు సాంబారు చేయమను. ఉప్పు సరిపోయిందో లేదో నువ్వు ముందే రుచి చూసి చెప్పకు. నేను చెప్తాను.

ఇట్లు,
గుండుతో బస్సు దిగబోయే నీ కూతురు,
సుజన