పసుపు హెల్మెట్

అన్నా,

కనపడ్డ ప్రతి లీడర్నీ నువ్వు అడిగీ అడిగీ విసిగిపోయిన సైకిల్ దారి వచ్చింది. ఇస్నాపూర్ దాటాక హైవే పక్కనే పచ్చ రంగు వేసి, రెయిలింగ్ కట్టి, ఎండ తగలకుండా పైన రేకులు కూడా వేశారు.

నువ్వు పోయి నేటికి ఏడాది. అందుకే పొద్దున నీ సైకిల్ తీసి, హ్యాండిల్‌కు టిఫిన్ తగిలించి, డ్యూటీకి అటే బయల్దేరాను. నువ్వు సైకిల్ మీద కూడా పెట్టుకుంటే అందరం నవ్వేవాళ్లం చూడు, ఆ కంపెనీ పసుపు హెల్మెట్, అదే పెట్టుకున్నాను.

ఆ సైకిల్ దారి గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు.

"ఈ హెల్మెట్ నడ్వదు. సైకిల్ హెల్మెటే ఉండాలె."

"డ్యూటీకి పోతున్న భయ్యా."

"డ్యూటీకి పోయేటోళ్లకు రోడ్డు ఉంది గద. జల్దీ జరుగు, వెనక సార్లు వస్తున్నరు."

ఆ సార్లు కార్లలో వచ్చారు. కారు మీంచి సైకిళ్లు దించుకుని, లోపల చక్కర్లు కొట్టి, మళ్లీ కారుకే కట్టుకుని పోతారట. ఇనుప ముక్క పడినా తల కాపాడే హెల్మెట్ అక్కడ పనికిరాదట! లారీ పక్కన ఒక్క రోజైనా నడవని సైకిళ్లకు మాత్రం రెయిలింగ్ కావాలి, నీడ కావాలి.

తిరిగి హైవే ఎక్కాను. వెనక నుంచి టాంకర్ ఒకటే హారన్. హారన్ వినగానే పక్కనున్న కంకరలోకి దిగిపోవడం నీ అలవాటు. ఆ రోజూ అలాగే దిగావు. చక్రం జారి లారీ కింద పడ్డావు.

టాంకర్ వాడు కొడుతూనే ఉన్నాడు.

నేను దిగలేదన్నా.