సగం మాత్ర

ఏప్రిల్ 6

పాత డైరీ. యూనియన్ వాళ్ళు ఎప్పుడో ఇచ్చింది, ఖాళీగా పడి ఉంది. వారాల పేర్లు కలవవు, కొట్టేసి రాస్తున్నాను. కొత్తది కొనడానికి నాకు చేతులు రావు. ఈ హిందీ ఊళ్ళో పుట్టి పెరిగిన మా పాపకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. కాబట్టి దీన్ని దాచాల్సిన పని కూడా లేదు.

ఎండ అప్పుడే మాడ్చేస్తోంది. కూలర్ ఇంకా తీయలేదు. ఆయనా నేనూ ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద. మాటలు కూడా అయిపోయినట్టున్నాయి.

ఏప్రిల్ 9

పక్కింటి పారమ్మ వదిన వచ్చింది. "అదే పింఛను మాకూ వస్తంది. నీకెలాగ సరిపోద్దే, సత్తెవతీ?"

చూపించాను. పాల ప్యాకెట్టు కోసి, కడిగిన నీళ్ళు టీలో పోయడం. అన్నం సగం ఉడకగానే స్టవ్ ఆపేసి, గిన్నెను పాత దుప్పట్లో చుట్టిపెట్టడం. అరిగిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అతికించడం. వదిన నోరు తెరుచుకుని చూసింది. నాకు గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు.

ఆమె వెళ్ళాక మాత్రం ఏ పనీ చేయబుద్ధి కాలేదు. ముప్పయ్యేళ్ళ కాపురంలో నేను నేర్చుకున్న విద్య ఇదేనా.

ఏప్రిల్ 14

సాయంత్రం ఆయనతో బుధ్వారీ బజారు. ఎప్పటిలాగే అంగళ్ళు ఎత్తేసే వేళకు. బెల్తరా నుంచి వచ్చే కూరలామె బండి అందదేమోనన్న కంగారులో ఉంది — "లే జా దాయీ, జమ్మో లే జా", అంతా పట్టుకుపో అమ్మా అని, మిగిలిన కుప్పంతా నా సంచిలో దులిపేసింది.

ఇంటికి, తిఫ్రా దాకా, తిరిగి నడక. ఆయన దారిలో రెండుసార్లు కూర్చుండిపోయారు. ఆటో ఎక్కుదామా అన్నాను.

"ఎందుకేటి, ఇంకెంత దూరం ఉన్నాది."

రెండోసారి అడగలేదు నేను.

ఏప్రిల్ 15

ఆయన పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడుతోంది. నడక ఎక్కువైందంటున్నారు. సరే... అదే అయ్యుంటుంది.

ఏప్రిల్ 22

అయిపోయిన పేస్టు ట్యూబు కోయడానికి బ్లేడు కావాలని ఆయన గడ్డం డబ్బా తెరిచాను. అడుగున కాగితం పొట్లం. అందులో బీపీ మాత్రలు, ఒక్కొక్కటీ సరిగ్గా రెండు ముక్కలు. రైల్వే లోకో షెడ్‌లో ముప్పయ్యారేళ్ళు ఫిట్టరు పని చేసిన చెయ్యి. పొడి కూడా రాలలేదు.

"ఏటండీ ఇది?"

"సగం సాలే. నాకేటీ అవలేదు కదా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రిటైరైన కాణ్ణించి. నువ్వు సబ్బు ముక్క కూడా పారెయ్యవు. నాను మాత్రం ఎందుకు పాడుసెయ్యాల?"

అని నా ముఖంలోకి చూశారు. మెచ్చుకుంటాననుకున్నారు! రెండేళ్ళు దాచి దాచి, ఇవాళ బయటపడినందుకు సంతోషపడుతున్నారు.

ఏప్రిల్ 23

రాయాలి. ఎవరితోనూ అనలేను, ఇక్కడైనా రాయాలి.

రిటైరయ్యేటప్పుడు రెండు దారులు చెప్పారు. ఒక నెల జీతమంత సొమ్ము కట్టి మెడికల్ కార్డు తీసుకుంటే బతికినన్నాళ్ళూ ఇద్దరికీ రైల్వే ఆసుపత్రిలో వైద్యం, మందులు. కార్డు వద్దంటే, మందుల ఖర్చుకని నెలనెలా పింఛనుతో కొంత ఇస్తారు. ఆయన కార్డు తీసుకుందామన్నారు. వద్దన్నది నేను. మనకేం పెద్ద జబ్బులున్నాయి, అంత సొమ్ము ఒక్కసారే ఎందుకు పోయడం, నెలనెలా చేతికొచ్చేది ఎందుకు వదులుకోవడం అన్నాను. ఫారం మీద ఎక్కడ టిక్కు పెట్టాలో వేలు పెట్టి మరీ చూపించాను. ఆయన ఇంటి విషయాల్లో నా మాట ఎన్నడూ కాదనలేదు.

షెడ్‌లో ఆయనతో పనిచేసిన వాళ్ళంతా కార్డు తీసుకున్నారు. వాళ్ళ ఆడవాళ్ళకు లెక్క తెలియదని నవ్వుకున్నాను.

మందులు కొనాల్సి వచ్చిన ప్రతిసారీ నా ముఖం ఎలా ఉండేదో. దాన్ని చూసే కదా ఆయన బ్లేడు పట్టింది.

ఏప్రిల్ 24

మాత్రల సంగతి ఫోనులో చెబితే, పాప బోద్రీ కోర్టులో టైపింగు పని ముగించుకుని తిన్నగా ఇక్కడికే వచ్చింది. హెల్మెట్ కూడా తీయకుండా, రెండేళ్ళుగా సగం మాత్రా, పిచ్చెక్కిందా మీకు అని అరుపులు. "ఆధీ గోలీ? దో సాల్ సే? ఏటి మమ్మీ ఇది, పాగల్ హో గయే క్యా ఆప్ లోగ్?"

ఆయన నవ్వారు. నాకు ఏడుపు రాలేదు, వస్తే బాగుండేది. రేపు రక్తపరీక్ష.

ఏప్రిల్ 27

రెండు కిడ్నీలూ. బీపీ అదుపులో లేక, చాలాకాలంగా పాడవుతూ వచ్చాయట.

"దవా రోజ్ లేతే థే?" అని అడిగాడు డాక్టరు. "జీ, రోజ్," అన్నారు ఈయన. అబద్ధం కాదు. రోజూ వేసుకున్నారు.

మే 2

రెండు గదుల్లోనూ ఫ్యాన్లు వేశాను. ఆయన లేచి వెళ్ళి ఒకటి ఆపి వచ్చారు. మళ్ళీ వేశాను. మళ్ళీ ఆపారు. మూడోసారి నేను లేవలేదు.

మే 5

కొబ్బరిబోండాలు తెచ్చాను, ధర అడక్కుండా. పాప చూసి లాక్కుంది. ఈ జబ్బుకు పనికిరావట. ఉప్పు తగ్గించాలి, పప్పు తగ్గించాలి, చివరికి మంచినీళ్ళు కూడా కొలిచి ఇవ్వాలి. డాక్టరు చీటీ చదువుతుంటే ఇన్నేళ్ళూ నేను నడిపిన వంటిల్లే కనిపించింది. ఇప్పుడు పెడదామంటే తినే వీల్లేదు.

మే 9

పాప రైల్వే ఆఫీసుకు వెళ్ళి కనుక్కుంది. మెడికల్ కార్డు ఇప్పుడైనా తీసుకోవచ్చట. కాకపోతే ఎక్కువ కట్టాలి, కట్టాక కొన్ని నెలలు ఆగాలి, ఆ తర్వాతే వైద్యం. నన్ను అడగకుండా తన డబ్బు కట్టేసి వచ్చింది.

కొన్ని నెలలు. ఆయన అన్ని నెలలు ఆగాలి.

మే 13

"ఒకపాలి సికాకోలు ఎల్దామేటే? పాసు ఉన్నాది కదా."

రైల్వే వాళ్ళ ఉచిత పాసు ఏటా ఉంటుంది. సొంతూరి ప్రయాణం ఏటా మాన్పించింది నేనే. టికెట్టు ఖర్చు లేకపోయినా అక్కడికి చేతులూపుకుంటూ వెళ్ళలేం కదా, చుట్టాల పిల్లల చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా అని. ఇన్ని ఇంజన్లు బాగుచేసిన మనిషి, కిటికీ పక్కన కూర్చుని ఊరికే ఎక్కడికైనా వెళ్ళింది నాకు గుర్తు లేదు. ఎల్దాం అన్నాను. ఇప్పుడు ప్రయాణం వద్దన్నాడు డాక్టరు.

మే 18

వాంతులు. అన్నం వాసన గిట్టడం లేదు.

మే 19

మళ్ళీ. మంచం దిగడం లేదు. పిలిస్తే ఆలస్యంగా పలుకుతున్నారు.

మే 23

ఆసుపత్రి. రైల్వేది కాదు, డబ్బు కట్టేది. డాక్టరు మంచివాడే. మెల్లగా చెప్పాడు — డయాలసిస్ మొదలుపెట్టాలి, వారానికి రెండుసార్లు, ఇక ఎప్పటికీ.

ఆ మాట వినగానే నా బుర్ర ఏం చేసిందో రాస్తాను, సిగ్గు లేదు నాకు. ఉన్నది ఎన్నాళ్ళొస్తుంది అని లెక్క వేసింది. అయ్యో ఈయన అని కాదు. ముందు లెక్క. ఆయన మంచం మీద నుంచి నన్నే చూస్తున్నారు. బజారులో ధర విన్నప్పుడు నేను పెట్టే ముఖం ఆయనకు తెలియనిదా. కళ్ళు మూసుకున్నారు.

మే 24

"ఎఫ్‌డీ తోడ్ దో, మమ్మీ."

"అది ముసలితనానికి దాచింది."

"అయితే ఇదేటి?"

పాప నా వైపు చూసిన చూపు... నేను కన్నపిల్లే. బ్యాంకుకు వెళ్ళి ఆ డిపాజిట్టు తీసేస్తానన్నాను. బాండు కాగితం సంచిలో పెట్టుకుని గేటు దాకా వెళ్ళి, రేపు వెళ్దాంలే అని వెనక్కి వచ్చాను. ఎందుకు వచ్చానో నాకే తెలియదు. ఎండగా ఉందని చెప్పుకున్నాను.

మే 25

పొద్దున్న. ఆయన మంచం పక్కనే కూర్చుని రాస్తున్నాను. పాప కింద కౌంటరు దగ్గర ఉంది. ఇవాళ మొదలుపెట్టాలా వద్దా, పదింటికల్లా చెప్పమన్నారు.

ఆయనకు తెలివి బాగానే ఉంది. నా చెయ్యి పట్టుకున్నారు. చెయ్యంతా వాపు.

"ఇంటికి పోదామే, సత్తెవతీ. ఇదంతా ఎందుకేటి? ఉన్నది నీకుండనీ. నా ఎనకాల నువ్వు బతకాల."

కోప్పడాలి. నోరు ముయ్యండి, మీరు లేకుండా నేనెందుకు బతకడం అని అరవాలి. మనసులో ఉన్నది అదే, ఒట్టు. పది నిమిషాలైంది. పావుగంట. నా నోటి నుంచి వద్దు అన్న ఒక్క మాట రాలేదు. దానికి పైసా ఖర్చు కాదు. అయినా రాలేదు.

ఆయన తల ఊపారు, నేను సరేనన్నట్టు. కోపం లేదు ఆ ముఖంలో. అదే నన్ను చంపుతోంది. ఇప్పుడు లేచి కూర్చుంటున్నారు, తూలుతూ. చెప్పులు ఎక్కడ పెట్టావని అడుగుతున్నారు.