గ్రిల్లు వెనక ఉలవ పొట్టు

తమ్ముడూ ఓబులేసూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ పికప్పును అమ్మడానికి నీ కొడుకు మడకశిర నుంచి బేరగాణ్ని పిలిచాడు. కొంచెం దూరం పోతే చాలు, రేడియేటర్లో నీళ్లు మరిగిపోతున్నాయట.

"నాయన బండిని పిప్పి చేసి పోయినాడు, పెద్దనాయనా" అన్నాడు. చచ్చినవాడు ఎదురు చెప్పడు కదా.

నాకు ఒళ్లు మండి పొద్దున్నే ముందు గ్రిల్లు ఊడదీశాను. వెనక రేడియేటరు కనిపించనంతగా, దానికి గాలి తగలనంతగా ఉలవ పొట్టు, చచ్చిన మిడతలు గడ్డకట్టి ఉన్నాయి. మనవాళ్లు ఇప్పటికీ ఉలవ చెట్లు తారురోడ్డు మీదే పరిచి, పోయే బండ్లతో నూర్పిడి చేయించుకుంటున్నారు. అందుకే నువ్వు గ్రిల్లుకు దోమతెర కట్టేవాడివి. బండి మూతికి గుడ్డ కట్టినట్టుందని నీ కొడుకు దాన్ని పీకేశాడు.

పాత బ్రష్షుతో మధ్యాహ్నం దాకా గీకాను. వాడు అరుగు మీద కూర్చుని, "ఇన్ని పుస్తకాలు చదివినావే, ఇది యాడ రాసుండాది?" అని నవ్వాడు.

"మీ నాయన ఉన్నప్పుడు ఒక్కసారైనా నీళ్లు మరిగినాయారా?" అన్నాను. 

సాయంత్రం బేరగాడు బండిని చాలా దూరం తిప్పుకొచ్చాడు. నీళ్లు మరగలేదు. "బండి బాగుండాది, తీసుకుంటా" అన్నాడు.

నీ మీద పడ్డ మాటను కడిగేశాననుకుంటే, నీ బండిని నేనే అమ్మిపెట్టినట్టయింది. అది కదిలేముందు గ్రిల్లుకు కొత్త దోమతెర కట్టాను.

"ఇదెందుకప్పా?" అన్నాడు బేరగాడు.

ఎందుకో చెప్పాను. వాడు విన్నాడు.

మీ అన్న