ముందు పోయే ఎర్రదీపం

నవంబరు 12

ప్రియమైన టీచరమ్మకు,

ఆసుపత్రి లాండ్రీలో ఏడింటికి దుప్పట్లు ఉతకాలంటే అయిదున్నరకే నా బాయిలర్‌లో ఆవిరి పుట్టాలి. అందుకని ఇంకా చీకటుండగానే సైకిలెక్కుతున్నాను. ఆరు కిలోమీటర్లు. చలికి వేళ్ళు కొంకర్లు పోయి, బ్రేకు పట్టానో లేదో బండి ఆగితే గానీ తెలియదు.

ఈమధ్య నాకొక తోడు దొరికాడు. వంతెన దగ్గర నా ముందు ఒక సైకిలు పోతుంటుంది. వెనక ఎర్రదీపం తప్ప మనిషి కనపడడు. అతను నెమ్మదిస్తే నేనూ నెమ్మదిస్తాను, వేగంగా తొక్కితే నేనూ తొక్కుతాను. మాటల్లేవు. అయినా ఆ దీపం ఉంటే దారి సగమైనట్టుంటుంది. గదికి తిరిగొచ్చాక మాత్రం గోడలతోనే కాపురం.

ఇక్కడి బళ్ళో ఖాళీ పడిందనీ, బదిలీకి పెట్టనా అనీ అడిగావు. నీ ఇష్టం. ఇక్కడ చలి ఎక్కువ, నీకు పడదేమో.

నీ
బాయిలర్ మొగుడు

నవంబరు 24

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ "నీ ఇష్టం" దగ్గరే ఆగిపోయాను. దరఖాస్తు నింపి సొరుగులో పెట్టాను. డిసెంబరు ఇరవై ఆఖరు తేదీ. అది దాటితే ఇంకో రెండేళ్ళు బదిలీలుండవని హెడ్మాస్టరు గారు అంటున్నారు.

మీ ఎర్రదీపం గారిని పలకరించరేం? "ఎందాకా బాబూ" అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? నేనిక్కడ పొద్దస్తమానం నలభై మంది పిల్లల మీద అరిచి వచ్చి, సాయంత్రాలు మాట్లాడే మనిషి లేక రేడియోకి జవాబులు చెబుతున్నాను.

మీ
టీచరమ్మ

డిసెంబరు 7

ప్రియమైన టీచరమ్మకు,

నువ్వన్నట్టే పలకరించాను. నిన్న గట్టిగా తొక్కి పక్కకు చేరి, రోజూ ఇటేనా అండీ అని అడిగాను. అతను చటుక్కున బండి దిగిపోయాడు. నా ఈడువాడే, బేకరీలో పనట. కొట్టడానికన్నట్టు గాలిపంపు చేత పట్టుకున్నాడు.

"నెల్నాళ్ళుగా నా వెంట ఎందుకు పడుతున్నారు? నేనాగితే ఆగుతారు, కదిలితే కదులుతారు. భయంతో చస్తున్నాను" అన్నాడు.

తోడనుకున్నానని నిజమే చెప్పాను. అతను పంపు దించాడు.

"ఆ ముక్క మొదటిరోజే అంటే పోయేదిగా."

ఇవాళ వంతెన దగ్గర పది నిమిషాలు ఎదురుచూశాను. రాలేదు. వేరే దారి పట్టినట్టున్నాడు. బాయిలర్ ఆలస్యమై సూపర్‌వైజరు చేత చివాట్లు తిన్నాను. దారిలో ఏడుపొచ్చింది, నీకే చెబుతున్నాను.

దరఖాస్తు సంగతి నువ్వే ఆలోచించుకో. నా కోసం ఇబ్బంది పడకు.

నీ
బాయిలర్ మొగుడు

డిసెంబరు 12

ప్రియమైన శ్రీవారికి,

చదువుతూ పడీపడీ నవ్వాను. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో తెలియలేదు.

ఆ బేకరీ ఆయన నెల్నాళ్ళే హడలిపోయాడు. నాకు ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. నేనాగితే మీరూ ఆగుతారు, కదిలితే కదులుతారు. మీకేం కావాలో మాత్రం చెప్పరు. మీరు "నీ ఇష్టం" అంటే నాకు "వద్దు" అనే వినపడుతుంది. మీకు నేనక్కర్లేదేమోనన్న అనుమానంతోనే ఆ కాగితం సొరుగులోంచి తీయలేదు.

అడగందే అమ్మైనా పెట్టదు, నేను పెళ్ళాన్ని. అడగండి. ఇరవైలోగా అడక్కపోతే చించేస్తాను. చలి సంగతి నాకొదిలేయండి.

మీ
టీచరమ్మ

డిసెంబరు 16

ప్రియమైన నీకు,

మూడు ఉత్తరాలు రాసి చించేశాను. మూడింట్లోనూ చలి గురించీ నీ ఆరోగ్యం గురించీ రాసుకొచ్చాను. ఇది డ్యూటీ దిగి పోస్టాఫీసు బల్ల మీదే రాస్తున్నాను, గదికి తీసుకెళితే మళ్ళీ ధైర్యం చాలదని. అర్జంటుగా పంపితే పద్దెనిమిదికల్లా నీకు చేరుతుందన్నారు.

నాకు నువ్వు కావాలి. రా.

నీ వాడు